ఎడమ కాలికి పని లేని బండి

నేను రిటైరైన రోజు షోరూమ్‌లో పిల్లలంతా కలిసి నాకు శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, అనుభవాలు చెప్పమన్నారు. అరగంట చెప్పాను. నడి ఎండాకాలంలో ఏసీ పనిచేయని డెమో కారులో తిప్పి కూడా బండి ఎట్లా అమ్మానో చెప్పాను. ఒకే ఇంట్లో తాతకు, కొడుకుకు, మనవడికి మూడు బళ్లు నా చేతుల మీదుగా ఎట్లా వెళ్లాయో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో వరుసలో, వర్క్‌షాపులో రిపేరుకొచ్చే బళ్లు చూసుకునే మా సర్వీస్ అడ్వైజర్ కూర్చుని ఉంది. ఆమె మాత్రం చప్పట్లు కొట్టి, కొంచెం ఎదురుచూస్తున్నట్టు నా వైపు చూసింది. ఆమెకు తెలిసిన సంగతి ఒకటి నేను చెప్పలేదు. మైకు పక్కన పెట్టి సమోసా తినడానికి వెళ్లిపోయాను.

ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను. మీలో చాలామంది నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు. నా దగ్గర నేర్చుకున్నవాటిలో ఒక మాట ఉంది. ఇప్పటికీ మీలో కొందరు దాన్ని వాడుతున్నారని విన్నాను. అది మానేయమని చెప్పడానికి నాకు ఇంకో దారి దొరకలేదు.

మన షోరూమ్ సంగతి మీకు తెలుసు. కొత్తపేట దాటి ఎల్బీనగర్ వచ్చేలోపు, మెట్రో లైను పక్కన. వచ్చేవాళ్లు కూడా తెలిసినవాళ్లే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పేవాళ్లు, బాలాపూర్ వైపు, తుర్కయంజాల్ వైపు ప్లాట్ల వ్యాపారం చేసేవాళ్లు, నాలాగా నల్లగొండ జిల్లా నుంచి వచ్చి మీర్‌పేట్‌లోనో హస్తినాపురంలోనో ఇల్లు కట్టుకున్నవాళ్లు. మనిషి గుమ్మం దాటి లోపలికి రాగానే నేను పసిగట్టేస్తానని నాకు పేరుండేది. ఎవరు కొంటారు, ఎవరు చూసి పోతారు, ఎవరి మాట చెల్లుతుంది. చెప్పులు చూసి చెప్పేవాణ్ణి, వాచీ చూసి చెప్పేవాణ్ణి. మీకు ట్రైనింగ్ ఇచ్చిన మొదటి రోజు ఇదే చెప్పి ఉంటాను.

ఇక ఆ మాట. ఎడమ కాలితో క్లచ్ నొక్కి గేర్లు మనమే మార్చుకునే మాన్యువల్ బండి కావాలా, ఆటోమేటిక్ కావాలా అని కస్టమర్ తేల్చుకోలేకపోతున్నాడనుకోండి. మన దగ్గర మాన్యువల్ స్టాకుంది, ఆటోమేటిక్‌కు మూడు నెలలు ఆగాలి. అప్పుడు నేను కుర్చీలో కొంచెం వెనక్కి వాలి అనేవాణ్ణి: "ఆటోమేటిక్ దేనికి సార్. ఎడమ కాలుకు పని లేనోళ్ల బండి అది. మనకేమన్న కాళ్లు లేవా?" మగవాళ్ల గుంపు ముందు ఈ మాట ఎన్నడూ వృథా పోలేదు. అందరూ నవ్వేవాళ్లు. నవ్విన తరువాత ఎవరూ ఆటోమేటిక్ అడిగేవాళ్లు కాదు.

ఒక సంవత్సరం వానాకాలంలో మన యార్డులో ఒక చిన్న ఎర్ర కారు నిలిచిపోయింది. బండి చిన్నదే గాని స్పోర్ట్ మోడల్. పైకప్పు నలుపు, వెనుక చిన్న రెక్క, మామూలు దానికన్నా పెద్ద అల్లాయ్ చక్రాలు, వాటికి పల్చటి టైర్లు. మాన్యువల్ గేర్లు. చూడ్డానికి ముద్దుగా ఉండేది. కానీ ఆ చక్రాలను చూసి, మన రోడ్లకు పనికిరావని జనం వెనక్కి తగ్గేవాళ్లు. అది నిజమే కూడా. టైరు మందంగా ఉంటే గుంతలో పడ్డ దెబ్బ టైరే ఓర్చుకుంటుంది. పల్చటి టైరైతే ఆ దెబ్బ నేరుగా చక్రానికి, అక్కణ్ణించి నడిపేవాడి నడుముకు తగులుతుంది. నాకు తెలుసు. మేనేజర్ నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. "అన్నా, ఈ నెల ఆఖరుకు గా ఎర్ర బండి యార్డుల కనబడొద్దు" అన్నాడు.

ఆ వారంలోనే ముగ్గురు వచ్చారు. ముప్పై ఏళ్ల మనిషి, అతని భార్య, ఆమె తమ్ముడు. అతను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు. ఇల్లు తుర్కయంజాల్‌లో, అత్తగారి ఊరే. రోజూ సాగర్ రోడ్డు మీద వచ్చిపోవడానికి బండి కావాలి. ఇవన్నీ నాకు తరువాత ఫారం నింపుతున్నప్పుడు తెలిశాయి. వాళ్లు లోపలికి వస్తున్నప్పుడు నేను చూసింది బామ్మర్దిని. చేతికి బంగారు కడియం, రెండు ఫోన్లు, నడుస్తూనే మాట్లాడుతున్నాడు. ప్లాట్ల మనిషి అనుకున్నాను. మాట చెల్లేది ఇతనిదే అని తేల్చుకున్నాను. లెక్కల సారు వాళ్ల వెనుక మెల్లగా నడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అతను ఎట్లా నడిచాడో నేను చూడలేదు. మనిషిని గుమ్మంలోనే పసిగట్టేవాణ్ణని ఇందాకే చెప్పుకున్నాను కదా.

ఎర్ర బండిని చూడగానే సారు ముఖం వెలిగింది. ఆ మాట అబద్ధం కాదు. షోరూమ్ గాజు గోడలోంచి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"దీంట్ల ఆటోమేటిక్ ఉంటదా సార్?" అని అడిగాడు.

"ఉంటది సార్. కాని మూడు నెలలు ఆగాలె" అన్నాను.

"పర్వలేదు, ఆగుతం" అన్నాడు.

ఆగుతానంటే నా నెలాఖరు ఆగదు. బామ్మర్ది వైపు తిరిగి కుర్చీలో వెనక్కి వాలాను. ఆ మాట అన్నాను. బామ్మర్ది పడి పడి నవ్వాడు. "కరెక్ట్ చెప్పిన్రు సార్. బావా, గేర్లేసుడు లేకుంటే గది కారెట్లయితది? లిఫ్ట్ ఎక్కినట్టుంటది" అన్నాడు. నేనూ నవ్వాను. పక్క టేబుల్ దగ్గర మన వాళ్లిద్దరు నవ్వారు.

భార్య నవ్వలేదు. "ఆటోమేటిక్ జూద్దమని గదా ఒచ్చినం" అంది భర్తతో, మెల్లగా.

"వద్దులే. ఇదే బాగుంది" అన్నాడు అతను.

ఆమె నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. ధర ఎక్కువనిపించిందేమో అనుకుని, సీటు కవర్లు, మ్యాట్లు ఫ్రీగా ఇస్తానన్నాను.

టెస్ట్ డ్రైవ్‌కు బండి తీస్తే, "నువ్వే నడిపి సూడు బామ్మర్ది, బండ్ల సంగతి నీకే ఎక్కువ ఎరుక" అని సారు వెనుక కూర్చున్నాడు. కొత్తగా నడుపుతున్నాడేమో, సిగ్గుపడుతున్నాడని అనుకున్నాను. బామ్మర్ది నాగోల్ వైపు తిప్పుకొచ్చి, చక్రాలను కాలితో తట్టి, "గివే ఉండాలె, గివి లేకుంటే బండికి లుక్కే లేదు" అన్నాడు. మామూలు చక్రాలు వేయించుకుంటే నడుముకు సుఖమని చెప్పవలసిన మాట నా నోట్లోనే ఉండిపోయింది. డెలివరీ రోజు సారు తాళం చెవి పట్టుకుని, బానెట్ మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. బండిని రోడ్డు మీదికి తీసింది మాత్రం బామ్మర్దే. మేనేజర్ నా భుజం తట్టాడు.

ఐదు నెలల తరువాత వర్క్‌షాపు నుంచి ఫోన్ వచ్చింది. మా సర్వీస్ అడ్వైజర్. గుంటూరు వైపు అమ్మాయి, మాట సూటిగా ఉంటుంది.

"గురువుగారూ, మీ ఎర్ర కారు లెక్కల మాస్టారు వచ్చారండీ. ఒకసారి వచ్చి చూడండి."

సాగర్ రింగ్ రోడ్డు దగ్గర వర్క్‌షాపుకు వెళ్లాను. బెంచీ మీద విప్పిన క్లచ్ ప్లేటు పెట్టి ఉంది. మాడిన వాసన ఇంకా పోలేదు. పూర్తిగా అరిగిపోయింది.

"నాలుగు వేల కిలోమీటర్లకే ఇట్లా అయిపోయిందేంటండీ? ఈయన క్లచ్ మీద కాలేసి తీయట్లేదు. వారంటీలో రాదు, డ్రైవింగ్ తప్పు. ఇంకా చూడండి, ముందు ఎడమ చక్రం వంగింది. గుంతలో గట్టిగా కొట్టారు."

"క్లచ్ మీద కాలు పెట్టి పండుకుంటున్నడేమో పంతులు" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. "నేర్పించండి మరి. మీ కస్టమరే కదా" అంది.

లెక్కల సారు వెయిటింగ్ హాల్లో కూర్చుని విద్యార్థుల పేపర్లు దిద్దుకుంటున్నాడు. నేను వెళ్లి, క్లచ్ ఎట్లా వాడాలో పాఠం చెప్పాను. అతను తల ఊపుతూ విన్నాడు. ఎంతైందో అడిగి, మాట్లాడకుండా కట్టేశాడు. గొడవ పడని కస్టమర్ ఎదురైతే ఈ ఉద్యోగంలో ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలుసు. ఆ హాయిలోనే నేను ఉత్సాహపడి, "సాయంత్రం బండి రెడీ అయితది సార్. రేపు పొద్దున మీరు క్లాసుకు పోయేటప్పుడు నేను పక్కన కూసుంట. దిల్‌సుఖ్‌నగర్ దాక చూస్త. రెండు చిన్న తప్పులుంటయి, సరిచేస్తే మళ్ల జన్మల క్లచ్ పోదు" అన్నాను.

"వద్దు సార్, మీకెందుకు శ్రమ" అన్నాడు అతను. రెండోసారి కూడా వద్దన్నాడు. నేను వినలేదు. అది సేవ అనుకున్నాను.

మరునాడు తొమ్మిది దాటాక ఎల్బీనగర్ చౌరస్తాకు కొంచెం ఇవతల అతను బండి ఆపాడు. నేను ఎడమ పక్క సీట్లో కూర్చున్నాను. కూర్చోగానే గమనించిన మొదటి సంగతి, అతని సీటు మరీ ముందుకు జరిపి ఉంది. పొట్ట స్టీరింగ్‌కు తగిలేటట్టుంది.

"సార్, సీటు గింత ముందలికి పెట్టుకుంటే కాలు ఎట్ల ఆడుతది? జర వెనక్కి జరుపుండి" అన్నాను.

"ఇట్లనే అలవాటైంది సార్" అన్నాడు.

బండి కదిలింది. మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారుస్తున్నప్పుడు నేను అతని ఎడమ పాదం వైపు చూశాను. పాఠం చెప్పాలంటే అక్కడే చూడాలి కదా. క్లచ్ నొక్కే ముందు అతను ముందుకు వంగాడు. ఎడమ మోచేతిని తొడ మీద ఆనించి, తన బరువంతా దాని మీద వేశాడు. ఆ బరువుతో కాలు కిందికి దిగింది, క్లచ్ నొక్కుకుంది. మోచెయ్యి అట్లాగే తొడ మీద ఉంచి, వేళ్లు మాత్రం చాచి గేరు మార్చాడు. తరువాత మోచెయ్యి తీశాడు. కాలు పైకి రాలేదు. పాదం క్లచ్ మీదే ఉండిపోయింది, సగం నొక్కినట్టు. దాన్ని పూర్తిగా తీస్తే మళ్లీ పెట్టడానికి చేత్తో ఎత్తి పెట్టుకోవాలి. అది నాకు మూడో గేరు పడేసరికి అర్థమైంది.

సీటు ముందుకు జరిపింది మోచెయ్యి అందడానికి. క్లచ్ మాడింది పాదం అక్కడే ఉండిపోయినందుకు. నా పాఠంలో ఒక్క ముక్క కూడా ఆ మనిషికి పనికొచ్చేది కాదు.

నేను చూశానని అతనికి తెలుసు.

కొత్తపేట దగ్గర ట్రాఫిక్ ముద్దకట్టింది. పాత పండ్ల మార్కెట్ ముందు రోడ్డు తవ్వి మట్టి పోసి ఉంది. మందం టైర్లున్న బళ్లు ఆ గుంతల మీద నుంచి ఊగుకుంటూ వెళ్లిపోతున్నాయి. ఇతను ప్రతి గుంత దగ్గరా ఆగినంత పని చేయాలి, లేకపోతే చక్రం మళ్లీ వంగుతుంది. ఆగిన ప్రతిసారీ వంగడం, మోచెయ్యి, బరువు, గేరు. మళ్లీ కదలడం. మళ్లీ గుంత. గేరు నేను అమ్మిందే. చక్రం నేను అమ్మిందే. అవి రెండూ కలిసి ఆ మనిషిని అరచేయంత గుంతకూ వంగదీస్తుంటే నేను పక్కన బెల్టు పెట్టుకుని కూర్చున్నాను. చైతన్యపురి దాటేసరికి అతని చొక్కా వీపున తడిసిపోయింది. ఏసీ నడుస్తూనే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయింది. పచ్చ లైటు పడింది, మోచెయ్యి జారింది, బండి ఒక్కసారి ముందుకు దూకి ఇంజను ఆగింది. ముందున్న స్కూటర్‌కు జానెడు దూరం మిగిలింది. ఆ స్కూటర్ మీద వెనుక చిన్న పిల్ల కూర్చుని ఉంది, స్కూల్ బ్యాగుతో. ఆ పిల్ల తిరిగి మా వైపు చూసింది. వెనుక బస్సు హారన్ మోగిస్తూనే ఉంది.

"నేను నడుపుత సార్, దిగుండి" అన్నాను.

"వద్దు సార్. ఒచ్చేసినం" అని మళ్లీ స్టార్ట్ చేశాడు.

వాళ్ల కోచింగ్ సెంటర్ సందులో బండి ఆపి, ఇంజను ఆపి, చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పుస్తకాల దుకాణాలు తెరుస్తున్నారు. నేనే అడిగాను.

"ఎన్నేండ్ల సంది సార్ ఇట్ల?"

"చిన్నప్పుడు జరమొచ్చి కాలు పడిపోయిందట సార్. లేచింది గాని బలం రాలే. నడుస్త. బస్సెక్కుత. కుడి కాలు మంచిగనే ఉంటది. అందుకే ఆటోమేటిక్ అనుకున్న."

"మరి ఆ రోజు చెప్పొద్దా సార్?"

ఆ ప్రశ్న అడిగినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. తప్పు తీసుకెళ్లి అతని చేతిలోనే పెట్టాను. అతను కోపం తెచ్చుకోలేదు. లెక్క చెప్పినట్టు నిదానంగా చెప్పాడు.

"చెప్పాలనే ఒచ్చిన సార్. గంతల మీరా మాట అన్నరు. నన్ననలే, నాకు తెలుసు. మీకు నా కాలు సంగతి తెల్వదు. మా బామ్మర్దికి గూడ తెల్వదు. నడక జర తేడా అనుకుంటడు, చిన్నప్పుడు ఏడ్నో పడ్డ అని చెప్పిన్రు పెండ్లప్పుడు. మీరన్నంక అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన సార్. మీరు సూడనట్టున్నరు. ఒకసారి నవ్వినంక ఇగ ఎట్ల చెప్పాలె?"

అప్పుడు నేను చెప్పవలసిన మాట ఒకటే ఉంది. మీకూ తెలుసు అదేమిటో. నేనన్నది ఏమిటంటే, "బండి మార్చిచ్చే ఏర్పాటు చేస్త సార్" అని. అతను సరేనని, తలుపు తీసి, ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి బయట పెట్టుకుని దిగాడు. మెట్లు ఎక్కేదాకా చూశాను. ప్రతి మెట్టు దగ్గరా కుడి కాలే ముందు వెళ్లేది. ఇంత తేడాగా నడిచే మనిషి నా ముందు నుంచి, నా కుర్చీ పక్క నుంచి నడిచి వెళ్లాడు. నేను కడియం చూస్తూ కూర్చున్నాను.

షోరూమ్‌కు మెట్రోలో వెనక్కి వచ్చాను. మేనేజర్ గదిలోకి వెళ్లి, ఎర్ర బండిని వెనక్కి తీసుకుని పాత బళ్ల విభాగానికి ఇవ్వాలని, క్యాన్సిల్ అయిన బుకింగ్‌లలో ఆటోమేటిక్ ఉంటే ఆయనకు ఇప్పించాలని అడిగాను. సర్వీస్ అడ్వైజర్ కూడా ఏదో కాగితం పట్టుకుని అక్కడే ఉంది.

"ఇప్పిద్దం అన్నా. రీజన్ ఏం రాయాలె?" అన్నాడు మేనేజర్.

నేను తప్పుగా అమ్మానని రాయమనవచ్చు. రెండు మాటలు. కాని నా నోట్లోంచి వచ్చింది వేరే. "ఆయన కాలు బాగలేదు. కొనేటప్పుడు చెప్పలే" అన్నాను. మేనేజర్ అదే రాసుకున్నాడు. ఆ మనిషి తన బామ్మర్దికి కూడా చెప్పుకోని సంగతి మన ఆఫీసు ఫైల్లోకి ఎక్కింది, నా తప్పు ఎక్కకుండా ఉండటానికి.

బయటికి వచ్చాక అడ్వైజర్ నాతో పాటు నడిచింది.

"ఆ ఎడమ కాలి జోకేసుంటారు మీరు" అంది, కాగితం మీద నుంచి తల ఎత్తకుండా.

"ఏసిన" అన్నాను.

ఆమె కాగితం మడుచుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఈసారి బండి ఎంచుకోవడం పద్ధతి ప్రకారం చేశాను. సారు ఒక్కడే వచ్చాడు, ఆదివారం పొద్దున. అమ్మేవాడి కుర్చీలో కూర్చోలేదు నేను. ఆయన్నే డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టాను. ఆటోమేటిక్‌లో మన దగ్గర రెండు రకాలుండేవి. ఒకదాంట్లో క్లచ్ ఉంటుంది కాని దాన్ని యంత్రం నొక్కుతుంది, గేరు మారినప్పుడు బండి కొంచెం తూలుతుంది. రెండోది మెత్తగా పోతుంది, ఖరీదు ఎక్కువ, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. రెంటినీ ఫ్లైఓవర్ ఎక్కే చోట, ఎత్తు మీద ఆపించాను. మొదటిదైతే బ్రేకు వదలగానే కొంచెం వెనక్కి జారుతుంది, హ్యాండ్ బ్రేకు వాడటం నేర్చుకోవాలి. ఆ సంగతి దాచకుండా చెప్పి, నాలుగుసార్లు చేయించాను. ఇంతకు ముందు ఏ కస్టమర్‌కూ ఆ జారడం నేను చూపించలేదు. అందరినీ చదునైన రోడ్డు మీదే తిప్పేవాణ్ణి.

అతను మొదటిదే కావాలన్నాడు.

"గేరు పడ్డప్పుడల్లా తూలుతది సార్. రోజూ నడిపేది మీరు, ఇబ్బందయితదేమో" అన్నాను.

"తూలుకుంట నడుసుడు నాకలవాటే సార్" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఒక్క మాటకు నవ్వే హక్కు అతనిదే.

చక్రాల దగ్గరికి వచ్చేసరికి నేను మామూలు చిన్న చక్రాలు, మందం టైర్లు చూపించాను. బాగుండవు గాని గుంతల్లో ఆగక్కర్లేదని చెప్పాను. అతను వంగి టైరు మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఎర్ర రంగుల దొరుకుతదా సార్, నల్ల టాపు?" అని అడిగాడు, ఎక్కువ అడుగుతున్నానేమో అన్నట్టు. దొరుకుతుందన్నాను. "స్పీడుగ పోయే బండి అంటే ఇష్టం సార్ నాకు. గందుకే అప్పుడు గా బండి జూసి ఆగలే" అన్నాడు. దొరికేదాకా ఫోన్లు చేశాను. పద్దెనిమిది రోజులకు దొరికింది.

డెలివరీ రోజు ముగ్గురూ వచ్చారు. బామ్మర్ది బండి చుట్టూ తిరిగి, లోపల తల పెట్టి చూసి, మూడో పెడల్ లేకపోవడం చూశాడు.

"ఏంది బావా, ఆటోమేటిక్ తీసుకున్నవ్?" అని నా వైపు తిరిగి నవ్వాడు. "మీరే గద సార్ అన్నది, ఎడమ కాలుకు పని లేనోళ్ల బండని. మళ్ల మీరే అంటగట్టిన్రా?"

చుట్టూ మన వాళ్లున్నారు. పూలబొకే పట్టుకున్న అమ్మాయి ఉంది. ఫొటో తీసే అబ్బాయి ఉన్నాడు. సారు తలవంచుకుని ఉన్నట్టు నాకు అనిపించింది. ఈసారి అతణ్ణి కాపాడాలనుకున్నాను. క్షణం ఆలస్యం చేయకుండా అబద్ధమాడాను.

"గా మోడల్ గేర్‌బాక్సుల ప్రాబ్లం ఉన్నది సార్. కంపెనీయే మార్చిచ్చింది. దొరికిన బండి ఇదే."

చాలా బాగా వచ్చిందా అబద్ధం. ఇన్నేళ్ల అనుభవం.

సారు తల ఎత్తాడు. తలవంచుకుని లేడు, తాళం చెవి చూస్తున్నాడంతే.

"ప్రాబ్లమేం లేదు బామ్మర్ది. బండి మంచిగనే ఉండె. నా ఎడమ కాలుకే బలం లేదు. క్లచ్ నొక్కరాదు. అందుకే ఇది తీసుకున్న" అన్నాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. క్లాసులో చెప్పినట్టే చెప్పాడు.

బామ్మర్ది అక్క వైపు చూశాడు. "నీకెరుకేనా అక్కా?" అన్నాడు.

"ఎరుకే" అంది ఆమె.

"నాకు చెప్పొద్దా బావా మరి. నేను గా పెద్ద పెద్ద చక్రాలు, గేర్లు అని..." అని ఆగిపోయాడు. ముఖం కందిపోయింది. తరువాత వెళ్లి డ్రైవర్ వైపు తలుపు తీసి పట్టుకున్నాడు. "రా బావా, కూసో. నేను ఎన్క కూసుంట."

ఆ కుర్రవాడు తెలియక అన్నది తెలిసిన నిమిషంలో సరిచేసుకున్నాడు. నేను ఇన్ని రోజుల నుంచి తెలిసి కూడా ఏం చేశానో ఆలోచించాను. ఆ కాలును దాచిపెట్టవలసిన వస్తువులా చూశాను. ఆఫీసులో నా తప్పు కప్పుకోవడానికి దాన్ని బయటపెట్టాను, ఇక్కడ గొప్పవాణ్ణనిపించుకోవడానికి దాన్ని కప్పబోయాను. రెండుసార్లూ అతణ్ణి అడగలేదు.

సారు సీటు సరిచేసుకున్నాడు. ఈసారి వెనక్కి జరుపుకున్నాడు, హాయిగా. భార్య పక్కన కూర్చుంది. నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆ రెండున్నర వారాలూ మీర్‌పేట్‌లో మా ఇంటి డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ నేను కూడబెట్టుకున్న మాటలు ఉన్నాయి. ఎట్లా మొదలుపెట్టాలో కూడా అనుకుని ఉన్నాను.

"సార్" అన్నాను.

అతను బ్రేకు మీద కాలు ఉంచి ఆగాడు. "చెప్పుండి సార్" అన్నాడు. భార్య కూడా ఇటు తిరిగింది. చాలాసేపు ఆగారు ఇద్దరూ.

"మొదటి సర్వీసు వెయ్యి కిలోమీటర్లకు సార్. మర్చిపోవద్దు" అన్నాను.

"మర్చిపోను సార్" అన్నాడు.

మర్చిపోలేదు. నెల తిరగకుండానే బండి తీసుకుని వచ్చాడు. వస్తున్నాడని అడ్వైజర్ ముందు రోజే నాకు ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు నేను సెలవు పెట్టాను.